చీనీ తోట కాడ రేకుల గదిలో చలి: తక్కువ ఖర్చులో వెచ్చగా పడుకునే దారి

అనంతపురం అంటే అందరికీ ఎండే గుర్తొస్తుంది. పుష్యమాసంలో తోట కాడ రేకుల గదిలో పడుకునేవాళ్లను అడిగితే వేరే కథ చెప్తారు. ఊళ్లో అయితే ఇంటికి ఇల్లు ఆనుకుని ఉంటుంది కాబట్టి చలి అంతగా తెలియదు, పొలంలో మాత్రం గాలికి అడ్డే ఉండదు. డిసెంబరు చివర, జనవరిలో 15 డిగ్రీల కిందికి దిగే రాత్రులు ఉంటాయి. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిన మడకశిర వైపు ఇంకాస్త ఎక్కువే. ఈ మాత్రం చలికే ఇంత గోలా అని ఢిల్లీవాళ్లు నవ్వొచ్చు గానీ, వాళ్లకు రజాయిలున్నాయి, మనకున్నది రేకు. చీనీ (బత్తాయి) కాయలకు, మోటారు కేబుల్‌కు కాపలా తప్పదు కాబట్టి ఆ గదిలోనే వెచ్చగా ఉండే మార్గం చూసుకోవాలి.

చాలామంది ముందు హీటర్ కొందామా అని ఆలోచిస్తారు. ముందు చూడాల్సింది పైకప్పు. మబ్బు లేని రాత్రి రేకు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. తెల్లారుజామున చూడండి, మనం వదిలిన ఊపిరిలోని తేమే రేకు లోపలి వైపు నీళ్లుగా పట్టి, ఒంపు వెంట మెల్లగా జారి, బోల్టు దగ్గర ఒక క్షణం ఆగి, సరిగ్గా ముఖం మీద టప్పున పడుతుంది. అలాంటి కప్పు కింద ఎంత పెద్ద హీటర్ పెట్టినా డబ్బులు దండగే.

ఎండాకాలంలో రేకు మీద బోదగడ్డో జొన్నసొప్పో పరుస్తాం కదా, అదే పని చలికాలంలోనూ చేయాలి. పగటి ఎండను ఆపే గడ్డే రాత్రి లోపలి వేడినీ ఆపుతుంది. వానలు వెనక్కి తగ్గాక, బాగా ఎండిన గడ్డిని జానెడు మందాన పరిచి, పాత డ్రిప్ పైపులు అడ్డంగా లాగి కట్టేస్తే మన ఈదురుగాలికి కూడా లేవదు. బుడ్డల (వేరుశెనగ) కట్టె మాత్రం వాడొద్దు, అందులో మిగిలిన కాయల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకాల ఏం వస్తుందో పొలం మనుషులకు చెప్పక్కర్లేదు. లోపలి వైపు ఖాళీ ఎరువుల సంచులు కడిగి, విప్పి, ఒకదానికొకటి కుట్టి, రేకుకు బెత్తెడు కిందుగా తీగలకు బిగించండి. రేకుకూ సంచులకూ మధ్య నిలిచిపోయిన గాలే చలిని ఆపుతుంది, నీళ్ల చుక్క కూడా మీద పడదు. థర్మోకోల్ తేలిగ్గా దొరుకుతుంది గానీ, అంటుకుంటే ఇట్టే కాలి విషపు పొగ వదులుతుంది, పడుకునే గదిలో అది వద్దు. పాత సిమెంటు రేకులైతే వాటికి రంధ్రాలు వేయకండి, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తీగలు గోడకే కట్టుకోండి.

తర్వాత సందులు. ఈ కాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి ముందు ఆ రెండు గోడలు చూసుకోండి. అగరొత్తి వెలిగించి తలుపు చుట్టూ, రేకు గోడ మీద కూర్చున్న చోట మెల్లగా తిప్పితే, పొగ ఎక్కడ పక్కకు కొట్టుకుపోతుందో అక్కడ సందు ఉన్నట్టు. గడ్డి ముక్కలు కలిపి తొక్కిన మట్టి కుక్కితే చాలు, పైసా ఖర్చు లేదు. తలుపు కింద గోనెసంచి చుట్టి పెట్టండి. అయితే పడమటి గోడలో పైన అరచేయంత కంత ఒకటి వదిలేయాలి, అన్నీ మూసేస్తే తేమ పట్టి బొంతలు ముక్కవాసన వస్తాయి.

నిప్పు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. బయట కందికట్టెతో చలిమంట వేసుకుని, పడుకునేముందు మిగిలిన నిప్పుల్ని బక్కెట్లోనో పాత ఇనుప గంపలోనో ఎత్తుకుని లోపల పెట్టి తలుపేసుకునే అలవాటు మన దగ్గర ఉంది. పొగ లేదు కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. నిజానికి పొగ లేని నిప్పులతోనే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పొగ వస్తే దగ్గొచ్చి లేస్తాం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించేస్తుంది, మెలకువ రాదు. పైన వదిలిన అరచేయంత కంత దీనికి ఏమాత్రం చాలదు. గ్యాస్ స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవడం కూడా అంతే. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఇవి కనిపిస్తే ముందు మనిషిని బయటి గాలికి లాక్కొచ్చి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి.

నిప్పు వేడి కావాల్సిందే అంటే ఇంకో దారుంది, అదీ గోడలు రాతివో మట్టివో అయితేనే. పొయ్యిని బయట గోడకు ఆనించి కట్టి, సాయంత్రం సంగటి, నీళ్లు దాని మీదే కాచుకుంటే గోడ ఆ వేడిని పట్టుకుని, మనం పడుకున్నాక తీరిగ్గా లోపలికి వదులుతుంది. మంచం ఆ గోడ పక్కకే జరపండి. కప్పు మీద గడ్డి పరిచినవాళ్లు మాత్రం ఈ పని చేయొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. గడ్డా, పొయ్యా అంటే నేను గడ్డికే ఓటేస్తాను.

ఇక అసలు పని మంచం దగ్గర ఉంది. గదినంతా వేడి చేయడానికి ఖర్చవుతుంది గానీ మంచాన్ని వేడి చేయడానికి ఏమంత కాదు. మనిషి ఒంటి నుంచే దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతుంటుంది, దాన్ని పోనివ్వకుండా పట్టుకోవాలి, అంతే. మనవాళ్లు రెండు దుప్పట్లు ఉంటే రెండూ పైనే కప్పుకుంటారు. నులక మంచం కిందనుంచి గాలి ఆడుతుంటుంది కాబట్టి మొదటిది కిందికే పోవాలి: గోనెసంచులు, వాటి మీద బొంత, ఆ పైన మనిషి, పైన కంబళి. తాడిపత్రి బండలో బేతంచెర్ల బండలో పరిచిన నేల మీద పడుకుంటే ఇంకా ముఖ్యం, బండ ఒంటి వేడిని పీల్చేస్తుంది. గొర్రెబొచ్చు కంబళి కాస్త గుచ్చుకుంటుంది, కింద పాత చీర వేసుకుంటే సరి. బొంతను పగలంతా ఎండలో వేసి, పొద్దు గుంకకముందే మడిచి లోపల పెట్టండి, మంచు పడిందాకా వదిలేస్తే పగటి కష్టమంతా పోయినట్టే.

పడుకునే అరగంట ముందు, గట్టి మూత ఉన్న స్టీలు బాటిల్లో వేడినీళ్లు పోసి టవల్ చుట్టి కాళ్ల దగ్గర పెట్టండి. ఫ్లాస్కు పనికిరాదు, అది వేడిని బయటికి వదలదు. ఇటుక కాచి గోనెలో చుట్టి పెట్టినా బాగుంటుంది గానీ కడప బండ ముక్కను మాత్రం మంటలో పెట్టకండి, పొరలు పొరలుగా చిట్లి ఎగిరిపడుతుంది. మంకీ క్యాప్, సాక్సులు సరేసరి. మందు ఒక క్వార్టర్ వేస్తే చలి ఉండదనేవాళ్లున్నారు. అప్పటికి చర్మానికి రక్తం ఎక్కి వేడిగా అనిపిస్తుంది, ఆ వేడే ఒంట్లోంచి బయటికి పోతుంది, నడిజామున ముందుకంటే ఎక్కువ వణుకు.

ఇంటి మీటరు కరెంటు ఉన్నవాళ్లకు: ఏ కంపెనీ హీటరైనా 1000 వాట్లది గంటకు ఒక యూనిట్ తింటుంది, రాత్రి 8 గంటలు నడిస్తే 8 యూనిట్లు, నెలకు 240. ఖరీదైన ఆయిల్ హీటర్ కొన్నా 1000 వాట్లకు వచ్చే వేడి అంతే. 100 వాట్ల కరెంటు దుప్పటి అదే 8 గంటలకు ఒక యూనిట్ కూడా దాటదు, కాబట్టి డబ్బు పెట్టాలనుకుంటే దాని మీద పెట్టండి. 2000 వాట్ల హీటర్‌ను మామూలు 6 ఆంప్స్ సాకెట్లో పెడితే ప్లగ్గు కరుగుతుంది, దానికి 16 ఆంప్స్ సాకెట్ కావాలి. బోరు స్టార్టర్ డబ్బాలోంచి వైరు లాగే తెలివి అసలొద్దు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు దాటి ఉంటాయి, పైగా అది కేసు. కరెంటు దుప్పటిని మడిచి పరచొద్దు, దాని మీద బరువులు పెట్టొద్దు, ప్రతి రాత్రీ ప్లగ్గు పెట్టేముందు వైరును చేత్తో ఒకసారి తడిమి చూడండి, పొలంలో ఎలుక కొరకని వైరు దొరకడం కష్టం.