నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తామర, కలువ పెంపకందారుల సంఘం పెట్టుకోవడం ఎలా

ఐరిస్ పూల మీద మక్కువ ఉన్నవారు చల్లని దేశాల్లో వందేళ్ళకు పైగా సంఘాలు నడుపుతున్నారు. 1920లో న్యూయార్క్‌లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ దేశాన్ని ప్రాంతాలుగా పంచుకొని, ఒక్కొక్క ప్రాంతానికి బాధ్యులను నియమించుకొని, ఒకే పువ్వుకు నాలుగు పేర్లు, నాలుగు పూలకు ఒకే పేరు చెలామణి అయ్యే గందరగోళాన్ని చక్కదిద్దే పనిని నెత్తికెత్తుకొంది. తోటల్లో పేరుపడ్డ పెద్ద ఐరిస్ రకాలు బాగా పూయాలంటే చలికాలంలో గట్టి చలి తగలాలి కనుక మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు అవి నిలవవు. అయితే ఆ సంఘాలు నడిచే తీరును మన నేలకు తగిన పువ్వుతో మనమూ అనుసరించవచ్చు. ఎండ కాసినకొద్దీ పూసే తామర, కలువ మనకున్నాయి. వాటికి కావలసిన ఒండ్రు మట్టి మన చెరువుల్లోనే ఉంది.

సంఘం పెట్టాలనుకునేవారు ముందుగా ఈ రెండు మొక్కలకూ ఉన్న తేడాను స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే కొత్త సభ్యులు అడిగే మొదటి ప్రశ్న అదే. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా, కాడ మధ్యలో అతుక్కొని ఉంటుంది. ముదిరినకొద్దీ నీటి మీదికి లేచి నిలబడుతుంది. దాని మీద నీటిబొట్టు అంటకుండా జారిపోవడం మనందరికీ సామెతగానే తెలుసు. కలువాకు అంచు నుంచి కాడ వరకు చీలి ఉండి నీటి మీదే తేలుతుంది. రెండూ ఒకే చెరువులో పెరిగినా వంశరీత్యా వీటికి దగ్గరి చుట్టరికం లేదు. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో తామరకు కలువకంటే సిల్వర్ ఓక్ చెట్టు దగ్గరి బంధువు. ఈ తేడా వల్లనే దుంపను విడదీసే పద్ధతి, ఎరువు మోతాదు, పూసే వేళ అన్నీ వేరువేరుగా ఉంటాయి. అందుచేత సంఘం ఒక్కటే అయినా రెండు పువ్వులకూ వేరువేరు బాధ్యులు ఉండడం మంచిది.

మొదటి సమావేశానికి ముందు

బైలాలు, లెటర్‌హెడ్, వాట్సాప్ గ్రూపు పేరు వంటి వాటితో మొదలుపెట్టిన సంఘాలు మూడో నెలకే చల్లబడడం నేను చూశాను. దుంపలతో మొదలుపెట్టడం నయం. ఒకరి మిద్దె మీద ఒక ఆదివారం కలిసి, ముదిరిన రెండు టబ్బులను అందరి ముందు బోర్లించి, దుంపలు విడదీసి, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ముక్క చేతిలో పెట్టి పంపితే, వాళ్ళు తమ టబ్బులో మొదటి ఆకు లేచిందా లేదా చెప్పడానికైనా రెండోసారి వస్తారు. ఆ రోజుకు ఏడెనిమిది మంది చాలు. మిద్దెతోటలు పెంచేవారు, గుడి కోనేటి బాగోగులు చూసేవారు, శ్రావణమాసంలో తామరపూలు తెచ్చి అమ్మేవారు, నర్సరీల దగ్గర టబ్బులను అదే పనిగా చూస్తూ నిలబడేవారు, వీరే మీ తొలి సభ్యులు. పూలు అమ్మేవారిని తప్పక పిలవండి. ఏ చెరువులో ఏ రంగు తామర ఏ నెలలో పూస్తుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నెల్లూరులోనూ, దర్శిలోనూ ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలకు వెళ్ళి మట్టి, నీరు, పురుగుల విషయంలో సలహా అడగవచ్చు.

సమావేశపు వేళను పువ్వును బట్టి నిర్ణయించుకోవాలి. తామర తెల్లవారుజామున విచ్చుకుంటుంది, మొదటి రోజు పువ్వు పొద్దెక్కేసరికి మళ్ళీ ముడుచుకుంటుంది, మూడు నాలుగు రోజులకు రేకులు రాల్చేస్తుంది. కనుక తామర చూడాలంటే ఉదయం ఏడింటికల్లా చేరుకోవాలి. నీలి కలువల వంటి పగటి రకాలు తొమ్మిది, పది గంటలకు విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటాయి. రాత్రి పూసే ఎర్ర కలువలు, తెల్ల కలువలు చీకటి పడ్డాక విచ్చి మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటాయి. వాటికోసం సంవత్సరంలో ఒక్కసారైనా రాత్రి సమావేశం పెట్టుకోండి. రోహిణి కార్తెలో పగటిపూట ఎవరినీ మిద్దె ఎక్కించవద్దు.

పేర్ల పుస్తకం

ఈ సంఘానికి ప్రాణం వంటిది ఇది కనుక కొంత వివరంగా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను ఒక నర్సరీలో సహస్రదళ పద్మం అని చెప్పి ఇచ్చిన దుంపను మంచి ధర పెట్టి తెచ్చుకున్నాను. మొదటి ఏడు ఆకులే వచ్చాయి. రెండో ఏడు పూసింది. చూస్తే ఇరవై రేకులైనా లేని మామూలు గులాబీ తామర. పోయిన డబ్బు కంటే నన్ను బాధించింది వేరొకటి: అప్పటికే ఆ దుంప ముక్కలను అదే పేరుతో అయిదుగురికి ఇచ్చి ఉన్నాను, వారిలో ఇద్దరు ఇంకొందరికి ఇచ్చేశారు. అబద్ధపు పేరు దుంపతో పాటే పాకుతుంది. అందరి ఇళ్ళకూ వెళ్ళి చీటీలు మార్పించడానికి నాకు ఒక వేసవి పట్టింది.

అందువల్ల మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టుకోవాలి. ప్రతి మొక్కకూ సంఘం ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య కింద అది ఎక్కడి నుంచి, ఏ తేదీన, ఎవరి ద్వారా వచ్చింది, అమ్మినవారు చెప్పిన పేరు ఏమిటి, మన దగ్గర పూసిన పువ్వు ఆ పేరుకు సరిపోయిందా, రేకులెన్ని, మొగ్గ రంగు ఏమిటి, రెండో రోజు పువ్వు రంగు ఏమిటి, ఎవరెవరికి దుంప వెళ్ళింది అనే వివరాలు రాయాలి. మన దగ్గర పూసి సరిచూసుకునేదాకా పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచాలి. చెరువు నుంచి వచ్చిన తామరకు సొంతంగా అందమైన పేరు పెట్టాలనే ఉబలాటాన్ని ఆపుకొని, ఊరి పేరు, సంఖ్య మాత్రమే రాయాలి. విత్తనం నుంచి మొలిచిన మొక్కకు తల్లి పేరు తగిలించకూడదు, ఎందుకంటే విత్తనపు మొక్క తల్లిని పోలి ఉండాలన్న నియమం లేదు. దుంప ద్వారా వచ్చినదే తల్లికి అచ్చమైన నకలు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ 2023లో విడుదల చేసిన 108 రేకుల ‘నమో 108’ వంటి పేరున్న రకాలను ఎవరైనా తెచ్చామంటే, ఎక్కడి నుంచి తెచ్చారో మర్యాదగా అడిగి రాసుకోవాలి. ప్రపంచవ్యాప్తంగా ఈ పూల రకాల పేర్లను ఇంటర్నేషనల్ వాటర్‌లిలీ అండ్ వాటర్ గార్డెనింగ్ సొసైటీ నమోదు చేస్తుంది. మీ సభ్యులెవరైనా నిజంగా కొత్త రకాన్ని సృష్టిస్తే అక్కడికి పంపడానికి కూడా ఈ పుస్తకంలోని తేదీలే ఆధారమవుతాయి.

టబ్బు మీద చీటీని పెన్నుతో రాస్తే ఒక్క ఎండాకాలంలో వెలిసిపోతుంది. ప్లాస్టిక్ పట్టీ మీద పెన్సిల్‌తో సంఖ్య రాసి, ఒకటి మట్టిలో గుచ్చి, మరొకటి టబ్బు అంచుకు కట్టండి.

దుంపల పంపిణీ

మన వైపు సంక్రాంతి దాటాక, ఎండ ముదరకముందు, అంటే జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా తామర దుంపలు విడదీయడానికి అనువైన సమయం. నిరుటి ఆకులు ఎండిపోయి, దుంపలు ఆహారం నింపుకొని ఉంటాయి. ప్రతి ముక్కకూ కనీసం రెండు కణుపులు, చెక్కుచెదరని ఒక మొలక కొన ఉండాలి. కొన విరిగితే ఆ ముక్క సాధారణంగా కుళ్ళిపోతుంది కనుక చేతితో లాగకుండా నీళ్ళు పోస్తూ మట్టిని కరిగించి తీయాలి. కింద రంధ్రం లేని, పద్దెనిమిది అంగుళాల వెడల్పైన గుండ్రని టబ్బులో సగం దాకా బంకమట్టి నింపి, దుంపను గోడ వెంబడి పడుకోబెట్టి, కొన కొద్దిగా పైకి ఉండేలా మట్టి కప్పి, రెండు మూడు అంగుళాల నీళ్ళు పెట్టాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగ్గకూడదు. నిలబడే ఆకులు నాలుగైదు వచ్చేదాకా ఎరువు వేయవద్దని ప్రతి కొత్త సభ్యునికీ గట్టిగా చెప్పండి. ఆ తరవాత నెలకు ఒక టీస్పూను డీఏపీని కాగితంలో పొట్లం కట్టి దుంపకు దూరంగా మట్టిలోకి దించితే చాలు. తామర దుంపలను ఆకలి కంటే ఎక్కువగా ఆత్రమే చంపుతుంది.

కలువలో కొత్తవారికి ఇవ్వడానికి ‘డాబెన్’ వంటి రకాలు చాలా అనుకూలం. వాటి ఆకు మధ్యలోనే పిల్లమొక్క పుడుతుంది. ఆ ఆకును కోసి నీటిలో వేస్తే వేళ్ళు వస్తాయి. ఒక్క టబ్బు నుంచి ఏడాదిలో ఎంతమందికైనా పంచవచ్చు.

ఊరి చెరువుల నుంచి దుంపలు తెచ్చుకోవాలనుకుంటే ముందు పంచాయతీని అడగాలి, చేపల హక్కు వేలంలో పాడుకున్నవారిని కూడా అడగాలి. దిగి అడుగంటా పెరికేయకుండా ఒకటి రెండు దుంపలతో సరిపెట్టుకోవాలి. అలాగే ఇంట్లో ఎక్కువైన మొక్కలను ఎవరూ చెరువులో పారవేయకూడదనే నియమాన్ని సభ్యత్వ పత్రంలోనే రాయించుకోండి. గుర్రపుడెక్క, అంతరతామర అనే నీటి కలుపుమొక్కలు మన కాలువలను ఎలా మూసేశాయో కళ్ళారా చూస్తున్నాం. అవి మార్పిడి రోజున టబ్బులతో పాటు రాకుండా, ప్రతి మొక్కనూ బకెట్టు నీళ్ళలో కడిగి, నత్త గుడ్లు తుడిచి ఇవ్వాలి.

నీళ్ళు, దోమలు, మిద్దె బరువు

సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండవచ్చు, తామర దాన్ని సహించదు. కనుక సంఘం కొనవలసిన మొదటి వస్తువు నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు; దాన్ని సభ్యులు వంతులవారీగా వాడుకోవచ్చు. కుళాయి నీళ్ళను ఒక రోజు నిలవ ఉంచి పోయాలి. పూలకుండీల్లో దోమలు పెరుగుతున్నాయని ఇరుగుపొరుగువారు చేసే ఫిర్యాదు న్యాయమైనదే, డెంగీ దోమ నిలవ ఉన్న నీటిలోనే పుడుతుంది. ప్రతి టబ్బులో నాలుగైదు గప్పీ చేపలు ఉండి తీరాలి; ఖాళీ టబ్బులను బోర్లించాలి. దుంపతో పాటు చేపలు కూడా ఇచ్చి పంపడం మా అలవాటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వర్షాలెక్కువ, తుఫాన్లూ అప్పుడే వస్తాయి. టబ్బు పొంగి చేపలు కొట్టుకుపోకుండా అంచుకు రెండంగుళాలు కింద ఒక చిన్న రంధ్రం చేసి దానికి వల బిగించాలి. లీటరు నీరు కిలో బరువు, తడిమట్టి అంతకంటే ఎక్కువ. అందువల్ల పెద్ద టబ్బులను మిద్దె నడిమధ్యన గుంపుగా పెట్టకుండా, కింద గోడ లేదా దూలం ఉన్నచోట వరుసగా పెట్టాలని ప్రతి ఇంట్లోనూ చూసి చెప్పవలసిన బాధ్యత సంఘానిది.

రిజిస్ట్రేషన్, డబ్బు

ఒక ఏడాది సంఘం నడిచాక, సభ్యులు నిలదొక్కుకున్నాక రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు, సంఘ ఆశయాలు తెలిపే పత్రం, నియమావళి ఉండాలి. వాటిని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. ఆ తరవాత ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితాను సమర్పిస్తూ ఉండాలి. రిజిస్ట్రేషన్, పాన్ కార్డు ఉంటే సంఘం పేరిట బ్యాంకు ఖాతా తెరవవచ్చు; ఇద్దరి సంతకాలు లేనిదే డబ్బు తీయకూడదని తీర్మానం చేసుకోండి. చందా తక్కువగా ఉంచి, దుంపలను సంఘం ఎప్పుడూ అమ్మకుండా ఉండడం నా ఉద్దేశంలో మంచిది. అమ్మకం మొదలైన చోట పుస్తకంలో పేర్లు నిజం చెప్పడం మానేస్తాయి. నర్సరీ నడిపే సభ్యులు తమ దుకాణంలో అమ్ముకోవచ్చు, సమావేశంలో మాత్రం మార్పిడే జరగాలి.

ప్రదర్శన పెట్టాలనుకుంటే వరలక్ష్మీ వ్రతానికి ముందు వచ్చే ఆదివారం ఎంచుకోండి; జనం తామరపూల కోసం ఎలాగూ బజారుకు వస్తారు. కోసిన కలువ వేళ దాటితే ముడుచుకుపోతుంది కనుక పూలను టబ్బులతోనే తీసుకురావాలి, ఎనిమిదింటికి తెరిచి పన్నెండింటికి ముగించాలి.

నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య నూట ఇరవై కిలోమీటర్ల దాకా దూరం ఉంది కనుక నెలనెలా అందరూ ఒకేచోట కలవడం సాగదు. రెండు చోట్లా రెండు శాఖలుగా సమావేశాలు జరుపుకొని, ఏడాదికి రెండుసార్లు, పంపిణీ రోజునా ప్రదర్శన రోజునా, కావలిలోనో సింగరాయకొండలోనో కలుసుకోవడం వీలుగా ఉంటుంది. పేర్ల పుస్తకం రెండు ప్రతులుగా ఉండాలి, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. పంపిణీకి ముందు రోజు సాయంత్రం రెండింటినీ పక్కపక్కన పరిచి, ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూసి, తేడా కనిపించిన సంఖ్య గల దుంపను ఆ ఏడు ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచి, అది మళ్ళీ పూసేదాకా ఆగాలి.