సెకండ్ హ్యాండ్ టర్బోప్రాప్ కొనాలనుకుంటున్నారా, ముందు ఉప్పుగాలి సంగతి చూడండి

వైజాగ్‌లో బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు తినేసి ఉంటుంది. మీరు కొనబోయే విమానం కూడా చాలావరకు అల్యూమినియమే, పెట్టబోయేదీ ఈ గాలిలోనే.

మా బావకి రొయ్యల ఎగుమతి వ్యాపారం, చేతిలో పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) ఉంది, తనే నడుపుకునే సింగిల్ ఇంజన్ టర్బోప్రాప్, అంటే టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం, కోసం ఏడాదిగా వెతుకుతున్నాడు. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నన్నూ వెంటేసుకున్నాడు. ఆ తిరుగుడులో తెలిసినవే ఇవి.

పిస్టన్ విమానం చవక కదా అంటే, దానికి కావాల్సిన ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) మన దేశంలో అన్నిచోట్లా దొరకదు. టర్బోప్రాప్ తాగేది ఎయిర్‌లైన్స్ వాళ్లు పోయించుకునే ఏటీఎఫ్ (జెట్ ఇంధనం), కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఏ మోడల్ అన్నదానికి మీరు నిజంగా ఎంతమందితో, ఎంత దూరం వెళ్తారో రాసుకుంటే సగం తేలిపోతుంది. పైపర్ మెరిడియన్ ముచ్చటగా ఉంటుంది, కానీ ట్యాంకులు నింపాక ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కితే ఇక సామానుకి చోటు వెతుక్కోవాలి. టీబీఎమ్ 850 వేగం 300 నాట్లు, అంటే గంటకు దాదాపు 555 కిలోమీటర్లు, దాటే బండి. పీసీ-12 పెద్దది, వెనక సరుకు తలుపు కూడా ఉంటుంది. సెస్నా క్యారవాన్ గట్టిది, కాకపోతే క్యాబిన్‌లో ప్రెషరైజేషన్ (ఎత్తులో ఊపిరాడేలా గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు) ఉండదు, అంటే వానాకాలం మబ్బుల పైనుంచి పోదామనే ఆశ వదులుకోవాలి.

ధర మాట్లాడే ముందు పన్ను లెక్క చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత వాడకానికి తెచ్చుకునే విమానం మీద జీఎస్టీ 40 శాతం. 12 కోట్ల విమానం అనుకుంటే ఈ ఒక్కటే 4.80 కోట్లు, కస్టమ్స్ సుంకం, ఇక్కడిదాకా ఎగరేసుకొచ్చే ఫెర్రీ పైలట్ ఖర్చు, ఆ ప్రయాణానికి ఇన్సూరెన్స్ వేరే. చార్టర్ పర్మిట్ (అద్దెకు తిప్పే అనుమతి) కింద పెట్టేస్తే పన్ను తగ్గుతుందని ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. ఆ పేరు చెప్పి తెచ్చి ఇంట్లోవాళ్లని తిప్పుకుంటే కస్టమ్స్ నోటీసు ఇంటికొస్తుంది, కాబట్టి ఆ మాట వినకండి.

ఇక అసలు పని ఇంజన్ దగ్గర. పైన చెప్పిన నాలుగింట్లోనూ ఉండేది ప్రాట్ అండ్ విట్నీ కెనడా వాళ్ల పీటీ6. ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయించే) గడువు మోడల్‌ని బట్టి దాదాపు 3,500, 3,600 గంటలు, మధ్యలో హాట్ సెక్షన్ (ఇంధనం మండే చోటు, టర్బైన్) తనిఖీ ఒకటి ఉంటుంది. గంటలు తక్కువ కనబడితే బావ మొహం వెలిగిపోయేది. "ఇరవై ఏళ్లలో 900 గంటలే తిరిగింది, చూశావా!" అన్నాడు ఒకసారి. "అంటే మిగతా కాలమంతా షెడ్లో పడుందన్నమాటే కదా బావా," అన్నాను. తిరగకుండా ఉన్న ఇంజన్ లోపల తుప్పు పడుతుంది, సీళ్లు ఎండిపోతాయి. ప్రొపెల్లర్‌కైతే గంటలతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఎగరకపోయినా అది అయిపోతుంది.

అందుకే గంటల అంకె కన్నా ఇంజన్ ట్రెండ్ రికార్డు అడగండి. ఒకే పవర్ దగ్గర టర్బైన్ ఉష్ణోగ్రత, ఇంధన ప్రవాహం నెలనెలా పైకి జరుగుతుంటే లోపల ఏదో అరుగుతోందని అర్థం. హాట్ స్టార్ట్ జరిగిందా అని కూడా అడగండి. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు స్టార్టర్ నెమ్మదిగా తిప్పుతుంది, ఇంధనం మండుతుంది కానీ చల్లార్చేంత గాలి లోపలికి రాదు, కొన్ని సెకన్లలో టర్బైన్ బ్లేడ్లు పాడైపోతాయి. దీన్ని అమ్మేవాడు నోటితో ఒప్పుకోడు, బోరోస్కోప్ (ఇంజన్ లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా) పెడితే బయటపడుతుంది.

ఆ తనిఖీ ఎవరితో చేయిస్తారన్నదే మేం తిన్న దెబ్బ. మొదట చూసినది ఫ్లోరిడా విమానం, కొత్త పెయింటు, లోపల లెదర్ వాసన. దాన్ని ఏళ్లుగా చూసుకుంటున్న షాపే తనిఖీ కూడా చేసి, అంతా బాగుందని రిపోర్టు ఇచ్చింది. నాకు మనసొప్పక వేరే ఇంజనీర్ని పంపించాం. ఆయన వెనక సీట్లు తీయించి, కార్పెట్ లేపి, ఫ్లోర్ పలకలు విప్పి ఫోటోలు పంపాడు. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి, అచ్చం మన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండబెట్టిన చేప మీద పేరుకునే ఉప్పులా. వేలితో గీరితే పొడితో పాటు లోహం పొరలుగా లేచొచ్చిందట. బేరం అక్కడితో ఆపేశాం, తనిఖీ ఫీజు మాత్రం పోయింది. కాబట్టి అమ్మేవాడితో ఏ సంబంధం లేని, ఆ మోడల్ బాగా తెలిసిన షాపుని మీరే పెట్టుకోండి. సీటు పట్టాలు, చక్రాలు ముడుచుకునే గూళ్లు, కంట్రోల్ కేబుళ్లు, బ్యాటరీ పెట్టె కింద, ఇవి విప్పి చూడాలని కాగితం మీద రాసివ్వండి.

కాగితాల్లో మొదటి రోజు నుంచీ లాగ్ పుస్తకాలు ఉండాలి, ఒక్కటి పోయినా ధర దిగాల్సిందే. విమానం మీదే కాదు, ఇంజన్ మీద కూడా విడిగా అప్పు ఉండొచ్చు, కేప్ టౌన్ ఒప్పందం కింద నడిచే ఇంటర్నేషనల్ రిజిస్ట్రీలో రెండిటికీ వెతికించండి. డబ్బు ఎస్క్రోలోనే, అంటే బేరం పూర్తయ్యేదాకా మధ్యవర్తి దగ్గరే, పెట్టండి. అక్కడి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, ఇక్కడ వీటీ (మన దేశపు విమానాల గుర్తు) రిజిస్ట్రేషన్, ఎగరడానికి పనికొస్తుందనే ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్, మీ లైసెన్సు మీద ఆ టైపు ఎండార్స్‌మెంట్, ఇవన్నీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏతో ఉండే పనులు, నెలలు పడతాయి. పాత విమానాల దిగుమతికి వయసు నిబంధనలు ఉన్నాయి, అడ్వాన్సు ఇవ్వకముందే ఆ సీరియల్ నంబర్‌తో అడిగి తెలుసుకోండి.

పెట్టే చోటు మాట. వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా, మనం వాడుకునేది సివిల్ ఎన్‌క్లేవ్, అంటే అందులో పౌర విమానాలకి ఇచ్చిన భాగం. వేళలు, పార్కింగ్ మన ఇష్టం కాదు. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు మీద ఆశ పెట్టుకున్నా హ్యాంగర్ హామీ కాగితం మీద ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ టెర్మినల్ పైకప్పునే లేపేసింది, ఆరుబయట కట్టేసిన చిన్న విమానం ఏమయ్యేదో ఊహించుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే హైదరాబాద్ బేగంపేటకో ఇంకో చోటికో ఎగరేసుకుపోవాలి, పైలట్ మీరే కాబట్టి ఆ రోజు మీరు ఊళ్లో ఉండాలి, లేదంటే ఇంకో పైలట్‌తో ముందే మాట్లాడుకోవాలి. మామూలు రోజుల్లో కూడా సముద్రం పక్కన ఎగిరి వచ్చాక, ఇంజన్ చల్లబడ్డాక, ఇగ్నిషన్ ఆపి స్టార్టర్‌తో తిప్పుతూ శుభ్రమైన నీళ్లతో కంప్రెసర్ కడగాలి. బద్ధకిస్తే ఆ ఉప్పంతా లోపలే మిగులుతుంది.

ఇప్పుడు చూస్తున్నది అరిజోనా ఎడారిలోది, ఎండకి రెక్కల అంచున ఉండే రబ్బరు డీ-ఐసింగ్ బూట్లు పగిలాయి, అవి మార్చుకోవచ్చు. లాగ్ పుస్తకాల స్కాన్లు 1,400 పేజీలు వచ్చాయి. మొన్న ఆదివారం దాకా 600 పేజీలు చదవడం అయింది, బావ పెయింటు రంగు సంగతి ఇంకా ఎత్తలేదు.