గాలి గొట్టంలో శ్రుతి – 4వ పాఠం: ఎండ ఎంత పెంచుతుంది?

ఒక చివర మూసిన గొట్టానికి పోయిన పాఠంలో సూత్రం చూశాం: పౌనఃపున్యం = ధ్వని వేగం ÷ (4 × పొడవు). పౌనఃపున్యం అంటే గాలి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో; అది పెరిగితే శ్రుతి పెరిగినట్టే. అప్పుడు పొడవు మార్చాం. ఈసారి గొట్టం మారదు, దాని చుట్టూ ఉన్న వేడి మారుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు వాళ్లకు ఈ ప్రయోగానికి వేడి విడిగా కొనక్కర్లేదు.

లోపలి వ్యాసం 2 సెం.మీ. ఉన్న పీవీసీ పైపును 24.4 సెం.మీ. దగ్గర కోయండి. ఎందుకీ వింత కొలత? తెరిచిన చివర గాలి కాస్త బయటికి కూడా ఊగుతుంది. అందుకని వ్యాసంలో 0.3 వంతు, అంటే 0.6 సెం.మీ., పొడవుకు కలుపుకోవాలి. మొత్తం 25 సెం.మీ., పావు మీటరు. నాలుగు పావులు ఒకటి కదా! ఇక భాగహారమే లేదు. ధ్వని సెకనుకు ఎన్ని మీటర్లు పోతే గొట్టం అన్ని హెర్ట్జ్‌లు పలుకుతుంది.

ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర 331.3 మీటర్లు. ఆపైన డిగ్రీకి సుమారు 0.6 చొప్పున పెరుగుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీలుంటే గొట్టం 344 దగ్గర, మధ్యాహ్నం వసారా నీడలో 42 ఉంటే 356 దగ్గర పలకాలి. తేడా మూడు శాతం పైనే. పక్కపక్క స్వరస్థానాల (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల) మధ్య దూరం సుమారు ఆరు శాతం కాబట్టి, అందులో సగం దాటిపోయాం. చెవికి దొరక్కుండా పోయే తేడా కాదిది.

అడుగు భాగం వేలితో గట్టిగా మూసి, పై అంచు మీదుగా ఊదండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ అంకె చూపిస్తుంది. కొలిచే చోట గొట్టాన్ని ముందు పావుగంట ఉంచండి. ఊదడం పొట్టిగా ఉండాలి, లేకపోతే మీ ఊపిరి వేడే కొలుస్తారు. పెదవి రంధ్రాన్ని కప్పిన కొద్దీ శ్రుతి దిగుతుంది కాబట్టి అసలు అంకె అటూ ఇటూ అయినా టెన్షన్ పడకండి. రెండు చోట్లా ఒకేలా ఊది, తేడా చూడండి.

చాలామందికి వచ్చే అనుమానం: ఎండకు గొట్టం సాగుతుంది, మరి శ్రుతి తగ్గాలిగా? సాగే మాట నిజమే. కానీ 20 డిగ్రీలకు ఈ పైపు సాగేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. దానివల్ల దిగేది అర హెర్ట్జ్, గాలి పెంచేది పన్నెండు. వేడిలో గాలి అణువులు జోరుగా కదిలి అలను త్వరగా అందిస్తాయి, కథంతా అక్కడే ఉంది. వెదురు వేణువైతే ఇంకా తక్కువ సాగుతుంది.

వయొలిన్ సంగతి తలకిందులు. వేడికి తీగ వదులై శ్రుతి దిగుతుంది. ఒకే పందిట్లో వేణువు పైకి, వయొలిన్ కిందికి పోతుంటే, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె మాత్రం కదలదు. వయొలిన్ వాళ్లు బిరడా తిప్పి సర్దుకుంటారు. వేణువుకు ఆ వెసులుబాటు లేదు. ఊదే రంధ్రాన్ని పెదవి వైపు కొంచెం లోపలికి తిప్పి శ్రుతి దించాలి, లేదా ఇంకో వేణువు తీయాలి.

ఇంటిపని: 42 డిగ్రీల్లోనూ మన గొట్టం 344 పలకాలంటే ఎంత పొడవు పెంచాలి? 8 మి.మీ. పైచిలుకు వస్తే లెక్క సరే. వచ్చే పాఠం నాదస్వరం మీద. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది మన ఒంగోలు పక్కనే కాబట్టి దాన్ని వదిలిపెట్టలేం.