ఫిలిప్పీన్స్ మిషన్‌లో ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు: పాత ఏరియాను అప్పగించడం, కొత్త ఏరియాలో కుదురుకోవడం

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున పూర్తికాల మిషనరీలుగా ఎల్డర్లు (యువకులు) 24 నెలలు, సిస్టర్లు (యువతులు) 18 నెలలు సేవ చేస్తారు. సాధారణంగా ఆరు వారాలకొకసారి, ఎవరు ఏ ఏరియాలో ఏ కంపానియన్‌తో (జంటగా పనిచేసే తోటి మిషనరీతో) ఉండాలో మిషన్ ప్రెసిడెంట్, అంటే ఆ మిషన్‌లోని మిషనరీల పెద్ద, నిర్ణయిస్తారు. ఈ మార్పునే ట్రాన్స్‌ఫర్ అంటారు. ప్రతి విడతలోనూ మీ పేరు ఉండకపోవచ్చు గానీ, కబురు వచ్చాక చేతిలో ఉండేది కొద్ది రోజులే. ఫిలిప్పీన్స్‌కు, అందులోనూ నీగ్రోస్ ద్వీపం వైపు వెళ్లే మన తెలుగు ఎల్డర్లకూ సిస్టర్లకూ పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

చాలామంది కబురు రాగానే సూట్‌కేసు తెరుస్తారు. అది ఆఖరున చేయవలసిన పని. ముందుగా ఫోనులోని ఏరియా బుక్‌ను, అంటే ఆ ఊళ్లో కలుస్తున్నవారి వివరాల పుస్తకాన్ని, సరిచేయాలి, ఎందుకంటే మీ తరవాత వచ్చేవారికి ఆ ఊరు గురించి తెలిసేది దాని వల్లనే. 'ఆసక్తి ఉంది, మళ్లీ కలవాలి' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'బేకరీ పక్క సందులో నీలం గేటు ఇల్లు. కొడుకుది రాత్రి డ్యూటీ కాబట్టి పొద్దున పదింటి లోపు వెళ్లకూడదు. పోయిన వారం ప్రార్థన గురించి మాట్లాడాం. ఆదివారం వెంటబెట్టుకొని వస్తానని ఎదురింటి సంఘ సభ్యురాలు ఒప్పుకుంది' అని రాస్తే, కొత్తగా వచ్చినవారు మర్నాడే ఆ గేటు ముందు నిలబడగలరు. ఆ ఇంటివారు నమ్మి చెప్పుకున్న సొంత కష్టాలను మాత్రం అందులో ఎక్కించకూడదు. మీరూ మీ కంపానియనూ ఒకేసారి కదలవలసి వస్తే, దాన్నే మిషనరీలు వైట్‌వాష్ అంటారు, ఊరు తెలిసినవారు ఒక్కరూ మిగలరు కాబట్టి ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

వీడ్కోలుకు వెళ్లినప్పుడు, అక్కడే ఉండిపోయే కంపానియన్‌ను ముందుంచి మాట్లాడించండి. 'మళ్లీ తప్పకుండా వస్తాను' అని మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేని విషయం. వీధి చివరి సారీ-సారీ దుకాణంలో (ఇంటి ముందు నడిపే చిన్న కిరాణా కొట్టులో) చిల్లర బాకీ ఏమైనా ఉంటే తీర్చేయండి. చిన్న మొత్తమే కావచ్చు, కానీ తరవాత వచ్చే మిషనరీని ఆ వీధి మీ బాకీతోనే పోల్చుకుంటుంది.

సామాను రెండు పెట్టెలకు మించకుండా చూసుకోండి, ఎందుకంటే వాటిని బస్సులోంచి ట్రైసికిల్‌లోకి (పక్కన తొట్టి బిగించిన మోటారు సైకిల్‌లోకి), ఒక్కోసారి ఫెర్రీలోకి మార్చుకోవలసింది మీరే. పాస్‌పోర్టు, ఏసీఆర్ కార్డు (విదేశీయుల నమోదు కార్డు), రోజూ వేసుకునే మందులు, ఒక జత బట్టలు భుజాన వేసుకునే సంచిలోనే, నీళ్లు చొరని కవరులో పెట్టి ఉంచండి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం కనుక పడవలు ఆగిపోయి దారి మధ్యలో ఎక్కడో రాత్రి గడపవలసి రావచ్చు. చిరునామా మారిన సంగతి ఇమిగ్రేషన్‌కు ఎలా తెలపాలో మిషన్ ఆఫీసునే అడగండి, సొంతంగా ఏ కాగితమూ దాఖలు చేయకండి.

అన్నిటికన్నా తికమక పెట్టేది భాష. నీగ్రోస్‌కు పడమటి వైపు ఎక్కువగా హిలిగైనోన్, తూర్పు వైపు సెబువానో మాట్లాడతారు. శాన్ కార్లోస్ నగరం పడమటి రాష్ట్రానికి చెందినదైనా అక్కడ వినిపించేది సెబువానోనే. తగలోగ్‌లో పెద్దవారితో మాట్లాడేటప్పుడు మన 'అండీ' లాగా 'పో' చేరుస్తారు, సెబువానోలో ఆ అలవాటు లేదు. గేటు దగ్గర నిలబడి పిలవడానికి మనీలా వైపు 'తావో పో' అంటే సెబువానో ఊళ్లలో 'ఆయో' అంటారు. మన 'ఏవండీ, ఇంట్లో ఎవరున్నారు' అన్న పిలుపే అది. అందుకే కొత్త ఊళ్లో మొదటి మూడు రోజులు కంపానియన్ ఎలా పిలుస్తున్నారో, ఎలా సెలవు తీసుకుంటున్నారో విని, అలాగే అనండి. తింటున్నవారు 'కాఒన్ తా' అని పిలిస్తే వెంటనే కూర్చోకండి. 'భోంచేద్దాం రండి' అని మనం కూడా మర్యాదకే అంటాం కదా, రెండోసారి గట్టిగా పిలిచాక కూర్చుంటే బాగుంటుంది.

చేరిన సాయంత్రమే గ్యాసు, తాగునీటి ఫిల్టరు, కిటికీల దోమతెరలు చూసుకోండి, అక్కడ డెంగీ మామూలు విషయం. బరంగాయ్ హాలు (మన పంచాయతీ ఆఫీసు లాంటిది) ఎక్కడుందో కనుక్కోండి. ఆదివారం దాకా ఆగకుండా బ్రాంచి ప్రెసిడెంటును (ఆ ఊరి చిన్న సంఘానికి పెద్దను) కలిసి, ఎవరిని ముందుగా పలకరించమంటారో ఆయననే అడగండి. మొదటి ఆదివారం సంస్కార సభలో (ఆదివారపు ఆరాధన సభలో) సాక్ష్యం చెప్పమని పిలిచే అవకాశం ఎక్కువ, కాబట్టి స్థానిక భాషలో నాలుగు వాక్యాలు సిద్ధంగా ఉంచుకోండి. 'మా పాత ఏరియాలో ఇలా చేసేవాళ్లం' అన్న మాటను కనీసం రెండు వారాలు నోట రానివ్వకండి. నేను మొదటి రోజే అన్నాను. నా కంపానియన్ నాతో మనసు విప్పి మాట్లాడడానికి ఆ రెండు వారాలూ పట్టాయి.

2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు ప్రతి వారం ప్రిపరేషన్ డే (సొంత పనులకు ఇచ్చే రోజు) నాడు ఇంటివారితో ఫోనులోనో వీడియోలోనో మాట్లాడవచ్చు. ఆ మొదటి ఫోనులోనే అమ్మానాన్నలకు కొత్త ఊరి పేరు చెప్పండి గానీ, ఆవకాయ, కారప్పొడి పార్సిళ్లు మాత్రం మిషన్ ఆఫీసు చిరునామాకే పంపమనండి. అద్దె ఇంటికి పంపితే అది చేరే సరికి మీరు మరో ఊళ్లో ఉండవచ్చు.