పై పొర పోస్తే కింది పొర కరగకూడదు: ఓఎల్‌ఈడీలో క్రాస్‌లింక్ అయ్యే పాలిమర్‌ని ఎలా వాడాలి

నెల్లూరు, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తూ ఓఎల్‌ఈడీ (కరెంటు ఇస్తే వెలిగే సేంద్రియ పొరల డయోడ్) ప్రాజెక్టు ఎత్తుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. 1987లో కొడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ చేసినట్టు వ్యాక్యూమ్‌లో ఆవిరి పట్టిస్తే పొర మీద పొర ఎన్నయినా వేసుకోవచ్చు. తంటా అంతా ద్రావణంతో స్పిన్ కోటింగ్ చేసేవాళ్లకే, అంటే ద్రావణం పోసి గిరగిరా తిప్పి పలచటి పొర వేసేవాళ్లకి. అడుగున ఉండే పెడాట్ అనే కరెంటు పారే పాలిమర్ నీళ్లలో కలిపి వేసేది కాబట్టి దాని మీద టోలీన్ అనే సేంద్రియ సాల్వెంట్ పోసినా కదలదు, కానీ ఆ పైన వేసే హోల్ ట్రాన్స్‌పోర్ట్ పొర (హోల్స్ అంటే ధన ఛార్జీలు, వాటిని మోసే పొర), దాని మీద వెలుగిచ్చే పొర రెండూ టోలీన్‌లాంటి వాటిలోనే కరుగుతాయి. డిస్టెంపర్ గోడ మీద తడి బ్రష్ పెడితే పాత రంగు కూడా లేచొస్తుందే, అదే గొడవ. అందుకే హోల్ పొరకి గొలుసులు ఒకదానికొకటి ముడిపడే పాలిమర్ తీసుకుని, ముందు దాన్ని గట్టిపరిచి ఆ తర్వాతే పై పొర పోస్తాం.

గొలుసుల్ని ముడివేసే గ్రూపుల్లో ఏది ఉన్న పాలిమర్ కొనాలి? మొదలుపెట్టేవాళ్లకి స్టైరీన్ గ్రూపు ఉన్నదే నా సలహా. వేడి చాలు, ఇంకేమీ కలపక్కర్లేదు, మిగులు పదార్థాలు రావు. ఆక్సిటేన్ రకం తక్కువ వేడికే ముడిపడుతుంది గానీ దానికి వెలుగు తగిలితే ఆమ్లం విడుదల చేసే పదార్థం కలపాలి, దాని అవశేషాలు పొరలో మిగిలిపోయి తర్వాత డివైస్‌ని ఇబ్బంది పెడతాయి. బెంజోసైక్లోబ్యూటీన్‌కి సాధారణంగా 200 డిగ్రీలు దాటాలి, ప్లాస్టిక్ షీట్ మీద చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు.

కాల్చే ముందు, అంటే హాట్ ప్లేట్ మీద వేడి చేసి గట్టిపరిచే ముందు, డీఎస్‌సీ తీయించండి; వేడి చేస్తూ పోతే పదార్థం ఎంత వేడి తీసుకుంటుందో, వదులుతుందో కొలిచే పరీక్ష అది. మీ కాలేజీలో లేకపోతే మద్రాసు ఐఐటీలో సైఫ్ అనే సెంటర్ ఉంది, బయటివాళ్ల శాంపిల్స్ కూడా తీసుకుంటారు. మొదటిసారి వేడి చేసినప్పుడు వేడి బయటికొచ్చే పీక్ కనపడి రెండోసారి కనపడకపోతే ముడి పడినట్టే. అలాగని సరిగ్గా పీక్ దగ్గరే కాల్చాలని లేదు, అంతకంటే కొంచెం తక్కువలో ఎక్కువసేపు ఉంచినా పనవుతుంది. స్టైరీన్‌కి మామూలుగా 150 నుంచి 200 డిగ్రీల మధ్య, అరగంటతో మొదలుపెట్టండి. అయితే ఆ వేడి పాలిమర్ గ్లాస్ ట్రాన్సిషన్‌కి (గట్టి పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత) పైనే ఉండాలి, లేకపోతే గొలుసులు కదలవు, కదలకపోతే పక్కదాన్ని అందుకోలేవు. ఇదంతా నైట్రోజన్ నింపిన మూసిన పెట్టె, గ్లవ్ బాక్స్‌లోనే. గొలుసుల్ని ముడివేసే రాడికల్స్‌ని ఆక్సిజన్ మింగేస్తుంది, పైగా మనది సముద్రం పక్క ఊరు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో గాలిలో తేమ ఎంతుంటుందో మీకు చెప్పాలా! మధ్యలో కరెంటు పోయి హాట్ ప్లేట్ చల్లారితే ఆ ఫిల్మ్‌ని పక్కన పడేయండి, మళ్లీ వేడి చేసి లెక్కలో కలపొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. చాలామంది దీన్నే ఎగ్గొడతారు, అరగంట కాల్చాం కదా అయిపోయి ఉంటుందిలే అని. మామూలు గాజు మీద ఫిల్మ్ వేసి కాల్చి యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్ (ఫిల్మ్ ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్) తీయండి, తర్వాత పై పొరకి ఏ సాల్వెంట్ వాడబోతున్నారో సరిగ్గా అదే పోసి, కొన్ని సెకన్లు ఉంచి, స్పిన్ చేసి ఆరబెట్టి మళ్లీ తీయండి. పీక్ ఎత్తు 95 శాతం పైన నిలిస్తే ముందుకెళ్లొచ్చు. పక్కనే కాల్చని ఫిల్మ్‌ని కూడా ఇలాగే కడగాలి, అది కొట్టుకుపోకపోతే మీ పరీక్షకి అర్థం లేదు. నిలవలేదని వేడి పెంచుకుంటూ పోవద్దు, పాలిమర్‌లో హోల్స్‌ని మోసే ట్రైఅరైల్ ఎమీన్ భాగం పాడైతే ఫిల్మ్ కరగదు గానీ ఛార్జ్ కూడా సరిగ్గా పారదు.

అది తేల్చుకోవడానికి హోల్స్ మాత్రమే పారే డివైస్ ఒకటి, కాల్చింది కాల్చనిది రెండు రకాలూ చేసి కరెంట్-వోల్టేజ్ పోల్చండి. కరెంట్-వోల్టేజ్ కొలతల నుంచి మాట్-గర్నీ సూత్రంతో మొబిలిటీ (ఛార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే సంఖ్య) లెక్కేసేటప్పుడు జాగ్రత్త, అందులో మందం ఘనం ఉంటుంది, మందంలో 10 శాతం తేడా వస్తే జవాబు సుమారు 30 శాతం తప్పుతుంది. కాల్చాక ఫిల్మ్ కాస్త కుంచించుకుపోవచ్చు కూడా, అందుకని మందం కాల్చిన తర్వాతే కొలవండి.