లాంతరు ఉంది కదా అనుకునేవాళ్ల కోసం కొన్ని జాగ్రత్తలు

కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి పడి ఇల్లు అంటుకుందన్న వార్త ఈ మధ్య మళ్లీ చదివాను. గాలివానల కాలం దగ్గర పడుతోంది. సెలవులకు టెంట్లు సర్దుకుంటున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. అలాంటి వార్త చదివినప్పుడల్లా, ఆ ఇంట్లో ఛార్జింగ్ లాంతరు కూడా ఉండే ఉంటుందని నాకు అనిపిస్తుంది. అల్మరా పై అరలో, కొన్న అట్టపెట్టెలోనే, బటన్ ఎన్నిసార్లు నొక్కినా వెలగకుండా.

మంట దగ్గర జాగ్రత్తగా ఉండాలని, టెంటు లోపల గ్యాస్ లాంతరు వెలిగించకూడదని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. లాంతరు కొంటారు. ఒక నిమిషం వెలిగించి చూస్తారు. గదంతా తెల్లగా వెలిగేసరికి తృప్తిపడి పెట్టెలో పెట్టేస్తారు. మళ్లీ దాన్ని బయటికి తీసేది కరెంటు పోయిన రాత్రే. నేను చూసినంతలో చీకట్లో ఎక్కువ ఇబ్బంది పడింది లాంతరు ఉన్నవాళ్లే. లేనివాళ్లు ముందే వేరే ఏర్పాటు చూసుకుంటారు. ఉందన్న ధీమాతో కూర్చున్నవాళ్లు అర్ధరాత్రి చేతికి దొరికిన కొవ్వొత్తినో కిరోసిన్ దీపాన్నో వెలిగించి కర్టెన్ పక్కన, పిల్లల మంచం పక్కన పెడతారు.

పెట్టెలో ఉండగానే ఎందుకు పాడవుతుంది

ఆఫ్ చేసినా బ్యాటరీ కొంచెం కొంచెంగా ఖర్చవుతూనే ఉంటుంది. మెత్తగా నొక్కే ఎలక్ట్రానిక్ బటన్ ఉన్న లాంతర్లలో లోపలి సర్క్యూట్ ఎప్పుడూ కొద్దిగా కరెంటు తీసుకుంటూ ఉంటుంది. చీకట్లో కనిపించడానికి మినుకుమినుకుమనే చిన్న లైటు కూడా ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఇప్పటి ఛార్జింగ్ లాంతర్లలో ఎక్కువగా ఉండే లిథియం-అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది. అది సుమారు 2.5 వోల్టుల కిందికి జారి, చాలాకాలం అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి సెల్‌ను మళ్లీ ఛార్జ్ చేస్తే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. మంచి లాంతరైతే దాని రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్ తీసుకోనివ్వదు. నాసిరకందైతే తీసుకుంటుంది. నాకు భయం దాని గురించే.

బరువుగా, పెద్దగా ఉండే పాతరకం ఎమర్జెన్సీ లైట్లలో లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత రాత్రంతా ప్లగ్‌లో ఉంచినా కాసేపే వెలిగి ఆరిపోతుంది. వాడిన వెంటనే నింపాలి, వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి నింపాలి. మామూలు ఆల్కలైన్ సెల్స్‌తో నడిచే లాంతరుకు ఇంకో జబ్బు: లోపలే వదిలేసిన సెల్స్ కారతాయి. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. స్ప్రింగులను తినేస్తుంది, చర్మానికి తగిలితే మండుతుంది.

లిథియం లాంతరును సగం ఛార్జ్‌లో, చల్లని చోట దాచితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ సలహా నిజమే కానీ, కరెంటు పోయే రోజుల్లో సగం ఛార్జ్‌తో కూర్చోవడం నాకు నచ్చదు. ఆ సీజన్ అంతా నిండుగా ఉంచండి, అది దాటాక సగానికి దించి దాచండి. బ్యాటరీ ఆయుష్షు కాస్త తగ్గినా పరవాలేదు.

కొనేటప్పుడు

అన్నిటికంటే ముందు, సెల్స్ బయటికి తీయగలిగే లాంతరు చూడండి. పాడైతే సెల్ ఒక్కటే మార్చుకోవచ్చు, దాచేటప్పుడు విడిగా తీసి పెట్టుకోవచ్చు. బ్యాటరీ లోపలే అతికించి సీల్ చేసిన లాంతరు బ్యాటరీతోపాటే పోతుంది. ఛార్జింగ్ బ్యాటరీతోనూ మామూలు సెల్స్‌తోనూ నడిచేది దొరికితే ఇంకా మంచిది. రోజుల తరబడి కరెంటు రాకపోతే ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?

అట్టపెట్టె మీది అంకెలను లెక్కవేసి చూడండి. ఇలాంటి లాంతర్లలో తరచుగా కనిపించే గుండ్రటి సెల్‌ను 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి కంపెనీ సెల్ 3500 ఎంఏహెచ్ (సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) దాకా ఇస్తుంది. ఒక్క సెల్ మీద 9900 అని రాసి ఉంటే అది అబద్ధం. 3000 ఎంఏహెచ్ సెల్‌లో, 3.7 వోల్టుల లెక్కన, దాదాపు 11 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత. ఎల్ఈడీ ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, ఆ సెల్‌తో 100 ల్యూమెన్ల వెలుగు 10 గంటలు వస్తుంది. 1000 ల్యూమెన్లు 10 గంటలు ఇస్తానని చెప్పే లాంతరులో అలాంటి సెల్స్ తొమ్మిదైనా ఉండాలి. చేత్తో ఎత్తి చూస్తేనే లేవని తెలిసిపోతుంది.

నిజాయతీగా రాసిన అంకెను కూడా అర్థం చేసుకుని చదవాలి. టార్చిలకు, లాంతర్లకు ఎఫ్ఎల్1 అనే ప్రమాణం 2009లో వచ్చింది. దాని ప్రకారం రన్ టైమ్ అంటే, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. 400 ల్యూమెన్ల లాంతరు 40కి దిగజారేదాకా వెలుగుతున్నట్టే లెక్క. పైగా కొన్ని పెట్టెల మీద వెలుగు అంకె హై మోడ్‌ది, గంటల అంకె లో మోడ్‌ది వేస్తారు. రెండూ ఒకే మోడ్‌వేనా అని చూడండి.

మామూలు గదికి, టెంటుకు 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. రాత్రంతా ఉంచుకోవడానికి పది ఇరవై ల్యూమెన్ల లో మోడ్ తప్పనిసరి. అది లేని లాంతరు వద్దు. పసుపు వెలుగు, అంటే పెట్టె మీద రంగు అంకె 3000 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ ఉన్నది, కళ్లకు హాయిగా ఉంటుంది, పురుగులూ తక్కువగా చేరతాయి. నీళ్లను ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ అంకె చెబుతుంది. వాన జల్లుకు ఐపీఎక్స్4 సరిపోతుంది. పడవ మీద, వాగుల దగ్గర వాడేవాళ్లకు మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకునే ఐపీఎక్స్7 కావాలి.

యూఎస్‌బీ-సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన అన్ని ఛార్జర్లతో ఎక్కుతుందనుకోకండి. చవక లాంతర్లలో ఆ పోర్ట్ వెనక ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు ఉండవు. అవి లేకపోతే రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కదు. పాతరకం యూఎస్‌బీ-ఏ కేబుల్‌తోనే ఎక్కుతుంది. ఇంట్లోనే పరీక్షించి, ఎక్కే కేబుల్‌ను లాంతరుకే కట్టి ఉంచండి.

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే రెండు పిన్నుల లాంతర్ల గురించి గట్టిగా చెప్పాలి. వీటిలో చవకవాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్ మాత్రమే ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉండగా దాని యూఎస్‌బీ పోర్ట్, సోలార్ సాకెట్, పైకి కనిపించే ఏ లోహపు ముక్కైనా మెయిన్స్ కరెంటుతో ఉండొచ్చు. ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. ఇలాంటిది కొనకండి. ఇంట్లో ఉంటే, ప్లగ్‌లో ఉన్నంతసేపు ముట్టుకోకండి.

రాత్రంతా వెలిగించి చూడండి

కొత్తదైనా పాతదైనా నిండా ఛార్జ్ చేయండి. సాయంత్రం మీడియం మోడ్‌లో వెలిగించి టైమ్ రాసుకోండి. మసకబారినప్పుడు మళ్లీ రాయండి. పెట్టె మీద ఏముందో మర్చిపోండి, మీ లాంతరు గంటలు అవే. సీజన్‌కు ముందు ఒకసారి, సీజన్ మధ్యలో ఇంకోసారి. నిమిషం వెలిగిస్తే పరీక్ష కాదు, ఎందుకంటే చచ్చిపోబోతున్న బ్యాటరీ కూడా నిమిషం వెలుగుతుంది. వెలిగించి చూడని లాంతరును నమ్మకండి.

ఇక మిగతావి:

- ఉబ్బిన బ్యాటరీని ఛార్జ్ చేయొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.
- పరుపు మీద, దిండు పక్కన ఛార్జింగ్ వద్దు. గట్టి నేల మీద, బయటికి వెళ్లే దారికి అడ్డం లేకుండా పెట్టండి.
- అర్ధరాత్రి కరెంటు వచ్చిందని ప్లగ్ పెట్టి నిద్రపోవద్దు. ఉదయం పెట్టండి.
- తడిసిన లాంతరు పూర్తిగా ఆరాకే ఛార్జింగ్.
- గడ్డకట్టే చలిలో వెలిగించుకోండి కానీ ఛార్జ్ చేయొద్దు. 0 డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, సెల్ మళ్లీ బాగుపడదు.
- ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు.
- మూత మీది చిన్న సోలార్ పలకను నమ్ముకుని బయలుదేరొద్దు. రోజంతా ఎండలో పెట్టినా నిండకపోవచ్చు, పైగా ఆ వేడి బ్యాటరీకి తగులుతుంది.
- పాత సెల్స్‌తో కొత్తవి, ఒక రకంతో ఇంకో రకం కలపొద్దు. బలహీనమైన సెల్‌లో ప్లస్, మైనస్ తారుమారై అది కారుతుంది.
- లాంతరుతో ఫోన్ ఛార్జ్ చేయొద్దు. ఒక్క ఫోన్ నిండేసరికి ఒక సెల్ లాంతరు ఖాళీ అవుతుంది. ఫోన్‌కు పవర్ బ్యాంక్ వేరే పెట్టుకోండి.
- రిమోట్ ఉంటే అందులో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పిల్లవాడు మింగితే 2 గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలుతుంది. రిమోట్ తీసి పారేయడం కాదు, బ్యాటరీ తీసి పిల్లలకు అందని చోట పెట్టండి. మింగాడన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
- లాంతరు ఛార్జ్ చేయడానికని జనరేటర్‌ను ఇంట్లో, వరండాలో, గ్యారేజీలో నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బయట, కిటికీలకు దూరంగా.
- లాంతరుకు ఇంట్లో ఒకటే చోటు. చిన్న పిల్లలతో సహా అందరికీ తెలియాలి, చీకట్లో తడుముకుని వెళ్లినా చేతికి అందాలి.
- టెంటుకు తీసుకెళ్లేటప్పుడు స్విచ్ లాక్ చేయండి. లాక్ లేకపోతే సెల్స్ తీసి సంచిలో పెట్టండి. బట్టల మధ్య నొక్కుకుపోయి దారిలోనే ఖాళీ అయిన లాంతర్లను చాలానే చూశాను.
- ఒక్క లాంతరుతో వెళ్లొద్దు. రెండోది చిన్న హెడ్‌ల్యాంప్ అయినా చాలు.
- పరీక్షలో సగం రాత్రికే ఆరిపోయినదాన్ని మళ్లీ అల్మరాలో పెట్టొద్దు. ఆ వారంలోనే బ్యాటరీ మార్చండి, మార్చడానికి వీల్లేకపోతే దాన్ని ఇంట్లోంచి పంపేయండి.