స్టీలు వాల్వా, టిష్యూ వాల్వా: ముందు రక్తపరీక్ష ల్యాబు ఎంత దూరమో చూసుకోండి

నాకు 28 ఏళ్లప్పుడు గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు మార్చారు. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెంటనే కీళ్లు వాచే జ్వరం వచ్చాయి. వాల్వును పాడుచేసింది ఆ జ్వరమే. అది మళ్లీ రాకుండా 21 రోజులకోసారి వేయించాల్సిన పెన్సిలిన్ సూది పదో తరగతి పరీక్షలప్పుడు ఆగిపోయింది. నొప్పులు పోయాయి కదా అని ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. 20 ఏళ్లకు బెలూన్ పెట్టి వాల్వు సందు వెడల్పు చేశారు. ఎనిమిదేళ్లకు మళ్లీ సన్నబడి, లీకు కూడా మొదలైంది.

మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ వాల్వు అని కాదు, ఉన్నదాన్ని రిపేరు చేయొచ్చా అని. కుదిరితే అదే మేలు. నాది గట్టిపడి సున్నంలా పేరుకుపోయింది, కుదరదన్నారు.

ఆ తర్వాత డాక్టరుగారు రెండు రకాలు చెప్పి, "మీ ఇష్టం అమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చీరల కొట్టా ఇది? ఇంటికొచ్చి కాగితం మీద రాసుకుంటే గానీ ఆ మాటలో న్యాయం తెలియలేదు.

అందరూ స్టీలు వాల్వు అంటారు గానీ, లోపల తెరుచుకుని మూసుకునే రెక్కలు ఎక్కువగా ఒకరకం గట్టి కార్బన్‌వి. అరగదు. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ రక్తం పలచబరిచే మాత్ర, ఎసిట్రోమో వార్ఫరినో, మింగాలి. డోసు సరిపోతోందో లేదో తరచూ రక్తపరీక్షతో చూసుకోవాలి. టిష్యూ వాల్వు ఆవు గుండె పొరతోనో పంది వాల్వుతోనో చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు ఇది ముందే అడగండి, సిగ్గేం లేదు. గుండె దడ లాంటి వేరే కారణం లేకపోతే దానికి పలచబరిచే మాత్ర మొదటి కొన్ని నెలలే. అయితే వయసులో ఉన్నవాళ్లలో అది తొందరగా పాడవుతుంది. నాకు పది, పదిహేనేళ్లు అన్నారు, ముందే పోవచ్చు కూడా అన్నారు. అప్పుడు మళ్లీ ఆపరేషను.

నా లెక్క ఇది. నాలుగేళ్ల బాబున్నాడు, ఇంకొకరు వద్దనుకున్నాం. మాది మధిర దగ్గర పల్లె, జాకెట్లు కుడతాను. రైలెక్కితే ఖమ్మంలో ల్యాబు. మాత్ర మర్చిపోతే గుర్తుచేసే భర్త ఉన్నాడు. స్టీలుదే తీసుకున్నాను. పక్క మంచం అమ్మాయికి 24 ఏళ్లు, పెళ్లయి ఏడాది. గర్భం తొలి నెలల్లో ఈ మాత్ర బిడ్డకు చేటు, ఆపితే వాల్వుకు చేటు. అందుకే ఆమె రెండో ఆపరేషనుకు తెగించి టిష్యూ అడిగింది. మీరు ఆడపిల్లయితే పిల్లల మాట అత్తగారి ముందు కాకుండా డాక్టరుతో విడిగా మాట్లాడండి. స్టీలు వాల్వు పెట్టించుకున్నాక గర్భం అనుకోకుండా రాకూడదు.

ఆపరేషనుకు ముందు రెండు పనులు. పుచ్చిన పళ్లుంటే చూపించుకోండి, నోట్లోని క్రిములు రక్తంలోకి వెళ్తే కొత్త వాల్వును పట్టుకుంటాయి. ఆరోగ్యశ్రీలో ఏ వాల్వు వస్తుందో, పైన ఎంత కట్టాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం, మాట రాదు. దాహం, నొప్పి, చల్లగా ఉంది అనే మూడింటికీ ముందురోజే మా ఆయనతో సైగలు అనుకున్నాను, బాగా పనికొచ్చాయి. తర్వాత మూడు బంతుల గొట్టం ఇచ్చి పీల్చమంటారు. విసుగొస్తుంది, మానకండి, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా అదే కాపాడుతుంది. దగ్గొస్తే దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గండి.

కోసిన రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు. ఇంట్లో ఎత్తు మంచం, కమోడ్ కుర్చీ సిద్ధం చేయించండి, చాప మీంచి చేతులు ఆనించి లేవడం కుదరదు. పక్కకు ఒరిగి, కాళ్లు కిందికి దించి లేవాలి. బిందె ముట్టుకోకూడదు. జడ మా అత్తే వేసేది. బాబును ఎత్తుకోలేక నేను కూర్చుంటే వాడే ఒళ్లోకి ఎక్కేవాడు. ఎవరూ చెప్పని సంగతొకటి: రొమ్ముల బరువు కుట్లను లాగుతుంది. ముందు హుక్కులున్న మెత్తటి కాటన్ బాడీ కుట్టుకుని తీసుకెళ్లండి. రెండో వారంలో ఊరికే ఏడుపొచ్చేది. చాలామందికి వస్తుందట. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

ఇక ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె. తక్కువైతే గడ్డకట్టే భయం, ఎక్కువైతే రక్తం కారే భయం. నా వాల్వుకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. మాత్ర రోజూ రాత్రి ఒకే వేళకు. సాయంత్రం రిపోర్టు వస్తే ఆ రాత్రికే డోసు మార్చుకోవచ్చు. మాత్ర పనిని తగ్గిస్తాయని ఊళ్లో అందరూ ఆకుకూరలు మానెయ్యమన్నారు. మానేశాను. తర్వాత ఒక పెళ్లిలో గోంగూర చూసి ఆగలేక వరసగా నాలుగు రోజులు తిన్నాను, 1.7కు పడిపోయింది. మానడం కాదు, వారం వారం ఒకే కొలత తినడమే పద్ధతి అని డైటీషియన్ చెప్పింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆకుకూర, అంతే.

అసలు భయం వేరే మందులతో. విరేచనాలకు ఊళ్లో ఆర్ఎంపీ మెట్రోనిడజోల్ ఇచ్చాడు, గుండె మాత్ర సంగతి నేనూ చెప్పలేదు. పళ్లు తోముతుంటే చిగుళ్ల నిండా రక్తం, ఐఎన్ఆర్ 6.8. ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు డోసు ఆపి మళ్లీ పరీక్ష చేయించాక తగ్గింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఆకుపసర్లు, పొడులు కూడా అడగకుండా వద్దు. నెలసరి ఎక్కువైతే భరించుకుంటూ కూర్చోకండి, రక్తం తగ్గిపోతుంది. కారణం తెలియని జ్వరానికి యాంటీబయోటిక్ మింగేముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష, చేయించమనండి.

కరెంటు పోయి ఫ్యాను ఆగితే నా గుండె టిక్ టిక్‌మని మంచం అవతలికి వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడే నాకు కాపలా. అది మందగించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వాల్వు పేరు, సైజు, మాత్ర డోసు రాసిన కార్డు నేను ఫోను కవరులోనే పెట్టుకుంటాను, ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్లేదాన్ని కాదు కాబట్టి.